పైడిరాజు కూత

ఏటీ, గెస్టా? నన్నా? ముందు కూకో ధనశ్రీ, కూకోని సెప్పు. ఆ కుర్సీలో వొద్దు, దానికో కాలు ఊగుతాది, ఇలా అరుగు మీదకి రా. ఊఁ. అయితే నలబై మంది పరుగులెడతన్నారన్నమాట. టీసర్టులు కూడా కుట్టించేరు కదూ, నాను సూసేను, మొన్న మన ఈది సివర్నించి పచ్చగా ఓ మంద ఎల్లింది, రామసిలకలొచ్చి వాలినట్టు. ఆదివారం పొద్దుటే అందరూ కలిసి పరిగెట్టడం, పరిగెట్టేక ఊరికి పనికొచ్చీదేదో ఒకటి సెయ్యడం. మంచి మాటేనమ్మా, కాదన్ను. గానీ పోయిన ఆదివారం ఏటయింది? నువ్వే కదా సెప్పేవు, పరుగుకి నలబై, పనికి ఏడుగురు. మిగతావోల్లు సెల్ఫీలు తీసుకోని ఇడ్లీలకి ఎల్లిపోయేరు. ఉన్న ఏడుగురూ బడి బెంచీలు మేడ మీదకి ఎక్కించబోయి ఇద్దరికి నడుం పట్టీసింది. అందుకని ఈ ఆదివారం ఈ సత్తిరాజు తాతని తీసుకెల్లి, ఓ కుర్సీలో కూకోబెట్టి, సాలువా కప్పి, నాలుగు మాటలు సెప్పిత్తే జనం నిలబడతారని నీ ఆలోసన. నా మోకాళ్లు సూసేవా? ఓ మెట్టు దిగాలంటే గోడనడగాల. బెంచీ ఎత్తలేనోడ్ని పని కాడ కుర్సీలో పెట్టి సాలువా కప్పడవంటే ఏటో తెలుసా? ఈ ముసిలోడు ఇంక దేనికీ పనికిరాడని పదిమందికీ సాటింపెయ్యడం. కోపం కాదమ్మా, నీ మీద కోపమెందుకు, ఉన్నమాట సెప్పేను. అదొక్కటే నాను ఓర్సుకోలేను. నొప్పులు ఓర్సుకుంటాను, పనికిరాడనీ మాట ఓర్సుకోలేను. పైడిరాజు బావే ఉంటే ఈ సాలువా మాట ఇని పొట్ట సెక్కలయ్యీటట్టు నవ్వీవోడు.

పైడిరాజెవులంటావేటి? అవున్లే, నీకెలా తెలుస్తాది, నువ్వప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు. బెల్లం మార్కెట్లో కళాసీ. నాను ఆ మార్కెట్లోనే ఓ కొట్లో గుమస్తాని, ముప్పయ్యేళ్లు కూకున్నాను పరుపు మీద, ఆ కూకోడానికే ఈ మోకాళ్లు. ఆయనేమో ముప్పయ్యేళ్లు మోసేడు. బండి దిగిన బెల్లం దిమ్మలు తల మీద పెట్టుకోని కొట్లోకి, కొట్లోంచి లారీకి. మెడ సూత్తే తాటిమొద్దు. మాటొకటి, మనిషొకటి కాదు. అప్పుడే నాకు సుగరొచ్చింది. బెల్లం ఊళ్లో పుట్టి సుగర్రాకపోతే ఊరి పరువేటవ్వాల! డాకటేరుగారు నడవమన్నారు. మందుల సాపు నానాజీకి బీపీ, ఇన్సూరెన్సు చంటిబాబుకి పొట్ట, లెక్కల మేస్టారికి నిద్ర పట్టదు. నలుగురం తెల్లబూట్లు కొనుక్కోని, పొద్దుటే అయిస్కూలు గ్రౌండులో రౌండ్లు కొట్టీవోల్లం. ఎన్ని రౌండ్లో లెక్కెట్టడానికి మేస్టారున్నారు కదా. పైడిరాజు ఏమో మార్కెట్లో తెల్లారగట్ట తన వంతు పని ముగించుకోని, గ్రౌండు గోడ మీద కూకోని సుట్ట కాల్సుకుంటూ మమ్మల్ని సూసీవోడు. ఓ నాడు ఉండబట్టలేక అన్నాడు, "గుమస్తా బావా, గానుగెద్దు తిరిగితే రసమొత్తాది. మీరు నలుగురూ నెల్లాళ్లుగా తిరగతన్నారు, ఏటొచ్చింది?" అని. ఒళ్లు మండిపోయింది నాకు. ఏటొత్తాదో సుగరు పరీచ్చలో తెలుస్తాదిలే అన్నాను. "అది నీకొచ్చింది బావా, ఊరికేటొచ్చింది?" అన్నాడు. అనీసి సుట్ట ఆర్పీసేడు. నాను కూడా పౌరుషంగా, అయితే పని సూపించు, సెయ్యకపోతే అడుగు అన్నాను. నోరు జారీడవంటే అదే. ఆయన గోడ దిగి, "రండి" అన్నాడు.

తీసుకెల్లింది బుల్లమ్మ దగ్గరికి. గుట్ట మీద ఈదిలో, యాబై ఎనిమిది మెట్లెక్కాల. ఆ ఈదంతా కళాసీలే. బుల్లమ్మ అంటే ఎండుసేపల బుల్లమ్మ. సముద్రం వొడ్డు మనిషి, ఈ ఊరికి కోడలుగా వచ్చింది, మొగుడు బేగి పోయేడు, ఒక్కతీ కూతురు. సేపల మార్కెట్టు సివర తట్ట పెట్టుకోని నలబయ్యేళ్లు కూకుంది. ఆవిడ నోటికి భయపడి బేరమాడడం మానీసినోల్లు సానామందున్నారు. ఆ యేడు వానకి మెట్ల మీద జారి తుంటి ఇరిగింది. కట్టు కట్టేరు, అతికింది, నేల సదునుగా ఉంటే కర్ర పట్టుకోని నడుత్తాది, గానీ మెట్టు దిగలేదు. దిగకపోతే మార్కెట్టు నేదు. ఇప్పుడిను, అక్కడ ఆడోల్ల మద్దిన ఓ కట్టుబాటుంది. రోగమొచ్చో రొస్టొచ్చో మనిషి రాలేకపోతే ఆ సోట్లో ఆవిడ తట్ట బోర్లించి పైన రాయి పెడతారు. మూడో అమాస దాకా ఎవులూ ముట్టుకోరు. ఆ అమాస నాటి పొద్దుట కూడా రాకపోతే ఆ రాయి తీసీసి ఇంకొకావిడ కూకుంటాది, తప్పు నేదు. బుల్లమ్మకి అప్పటికి పదకొండు రోజులున్నాయి. సాయంత్రం పైకి మొయ్యడానికి కళాసీలున్నారు, ఇంటికెల్లీటప్పుడు ఎత్తుకుపోతారు. పొద్దుట ఆరింటికి మాత్రం ఆల్లంతా బళ్ల దగ్గరుంటారు. దించీవోల్లు నేరు. కూతురు పాయకరావుపేట తీసుకెల్లిపోతానంది. మంచి పిల్లే, అల్లుడూ మంచోడే. గానీ బుల్లమ్మ మంచం మీద కూకోని మాతో సెప్పింది, "నా సేత్తో నాను తిన్నాను బాబూ ఇన్నేళ్లు. ఎంత మంచోల్లయినా ఆల్లింట్లో ఓ మూల కూకోని ఆల్లు పెట్టినప్పుడు తినడం నావల్ల కాదు. తట్ట కాడుంటే మడిసిని, నేదంటే మూటని." ఆ మాట నాకు అప్పుడు సగమే అర్తమయింది. మిగతా సగం ఇదిగో, ఈ మోకాళ్లు పోయేక అర్తమయింది.

మేం రొమ్ములు ఇరుసుకోని, రేపే దించుతామన్నాం. పైడిరాజు, "నాను కూడా వత్తాను, మొయ్యడవంటే మీరనుకున్నట్టు కాదు" అన్నాడు. అక్కర్నేదన్నాం. నలుగురు సదువుకున్నోల్లం, ఓ ముసిలమ్మని దించలేమా? అదే మా తప్పు. మర్నాడు పొద్దుటే ఎల్లి, పిలాస్టిక్ కుర్సీకి అటో వెదురు, ఇటో వెదురు కట్టి, బుల్లమ్మని కూకోబెట్టేం. సలిగా ఉందంటే నానాజీ తెల్ల దుప్పటీ తెచ్చి మెడ దాకా కప్పేడు. ఎత్తి బుజాల మీద పెట్టుకున్నాం. ఎవుడూ నోరెత్తలేదు. తలలు దించుకోని ఒక్కో మెట్టూ మెల్లిగా, నలుగురం ఒకే అడుగు. మొదటి మలుపు కాడ మహాలక్ష్మని ఓ ఇల్లాలు పేడ కలాపి జల్లతంది. మమ్మల్ని సూసి, బకెట్టు అలాగే గుమ్మంలో కుమ్మరించీసి లోపలికెల్లి తలుపేసుకుంది. ఎదురింటి ముసిలాయన తలగుడ్డ తీసి దండం పెట్టేడు. మాకింకా ఎలగలేదు! సగం దిగేక చంటిబాబుకి ఆయాసం తన్నుకొచ్చింది, "కాసేపు దించుదాం" అన్నాడు. దించేం. అప్పుడు బుల్లమ్మ ఇలా తలెత్తి నలుగురి మొకాలూ సూసి, "ఏట్రా బూట్ల బాబులూ, దింపుడు కళ్లం కూడా అయిపోయింది, ఇంక సెవిలో మూడు మాట్లు పేరు పిలిసీయండి, ఓ పనైపోతాది" అంది. మేం నవ్వేం. నవ్వి సూద్దుము కదా, ఆవిడ కళ్లంట నీళ్లు. "పైకి తీసుకుపోండి నన్ను. బతికుండగా పాడెక్కను" అంది. తీసుకుపోయేం. దించీటప్పుడున్న బరువు కాదమ్మా, పైకి మోసినప్పటి బరువు నా బుజానికి ఇప్పటికీ గుర్తు.

ఆ సాయంత్రం పైడిరాజు మా కొట్టుకొచ్చేడు. ఊరంతా నవ్వింది, ఆయన నవ్వలేదు. "మీకు మొయ్యడం రాదని ఎవులన్నారు బావా, బాగా వొచ్చు. గానీ పుట్టి బుద్దెరిగేక మీరు బుజం మీద మోసింది పాడె ఒక్కటే. బుజానికి అదే తెలుసు, అదే మోసింది. దానికి బతికున్న బరువు నేర్పాల" అన్నాడు. మర్నాడు గ్రౌండులో రౌండ్లు బందు. అదే కుర్సీ, అవే వెదుర్లు, అందులో నాలుగు బెల్లం దిమ్మలు. బుల్లమ్మ నాలుగు దిమ్మల మనిషని ఆయన లెక్క. ఎత్తు, నడు, దించు. మల్లీ ఎత్తు. "నడుంతో కాదు బావా, తొడల్తో లేవాల. మోకాలు కొంచెం వొంచే ఉంచు. అడుగు సిన్నది. నలుగురూ ఒకే కాలు ముందుకెయ్యకండి, ఒకే కాలేత్తే ఊగుతాది, ఊగితే పాడే. ముందోడిది కుడైతే ఎనకోడిది ఎడమ." మూడో నాటికి దిమ్మలు కారి సొక్కాల నిండా బెల్లం పాకం, గ్రౌండులో సీమలన్నీ మా మీదే. మా ఆవిడ రామాయమ్మ, "ఎక్సర్‌సైజుకి ఎల్లతన్నారా, బెల్లం దొంగతనానికెల్లతన్నారా" అని కేకలేసింది. మేస్టారికి మాత్రం మంచం మీద వొరగ్గానే నిద్ర.

అన్నిటికన్నా ముక్యం కూత. కూతంటే పాట కాదమ్మా. జట్టులో బరువెత్తే ముందు ఒకడు నిలబడి అరుత్తాడు, "ముందోడున్నాడా?" ముందున్నోల్లు "ఉన్నాను!" అనాల. "ఎనకోడున్నాడా?" "ఉన్నాను!" అందరూ పలికితేనే, "అయితే ఎత్తు!" ఒక్కడు పలక్కపోయినా ఎత్తరు. ఎందుకంటావా? ఒకడికి సెయ్యి కుదరకుండా ఎత్తేవనుకో, ఆ బరువంతా పక్కోడి నడుం మీద పడతాది. నీ బెంచీల కాడ అయింది అదే కదూ? ఓ నాడు ఎనిమిది గంటలకి గుక్కెడు టీ తాగుతుంటే పైడిరాజుని అడిగేను, బావా, మరి నువ్వెందుకు ఎత్తవు, ఉత్తినే అరుత్తావు, అని. ఆయన టీ గళాసు కింద పెట్టేడు. తర్వాత సెప్పేడు, రెండేళ్లయిందంట గుండె జబ్బొచ్చి, బరువెత్తకూడదన్నారంట. "మా జట్టులో మొయ్యలేనోడ్ని ఇంటికి పంపరు బావా. మొయ్యలేనోడు కూత పెట్టాల. అదీ మోతే. మోసినోడెంతో ఆడూ అంతే" అన్నాడు. ఆ రెండేళ్లూ ఒకే మార్కెట్లో ఉన్నాం, ఆయన మొయ్యడం మానీసేడని నాకు తెలీనే తెలీదు. ఆ కూత అంత ఇదిగా ఉండీది.

అమాసొచ్చింది. పొద్దుటే ఎల్లేం, కుర్సీతో. తెల్ల దుప్పటీ నేదు, రామాయమ్మ ఎర్ర సాలు కప్పమని ఇచ్చింది. బుల్లమ్మ గోడకేసి తిరిగి పడుకుంది, రానంటే రానంది. కూతురొచ్చి సామాను మూట కట్టీసింది అప్పటికే. నానాజీ బతిమాలేడు, మేస్టారు బతిమాలేరు, ఊహుఁ. బయట పొద్దు పొడిసీత్తంది, కింద ఆ రాయి ఎవులో తీసీవేలవుతంది. పైడిరాజు గుమ్మంలో నించున్నాడు. బతిమాలనేదు. కుర్సీ దగ్గరికొచ్చి, గొంతు సవరించుకోని, ఒక్క అరుపు అరిసేడు, "ముందోడున్నాడా?" నాను, చంటిబాబు, "ఉన్నాను!" "ఎనకోడున్నాడా?" "ఉన్నాను!" ఈదంతా తలుపులు తీసేరు. ఆయన ఒక్క చణమాగి, ఏ జట్టులోనూ నేని మాట, అప్పటికప్పుడు కట్టిన మాట, అరిసేడు, "మద్దినోల్లున్నారా?" అని. ఎవులూ పలకలేదు. పలక్కపోతే ఎత్తకూడదు కదా, అలాగే నించున్నాం. మల్లీ అరిసేడు, "మద్దినోల్లున్నారా?" అప్పుడు బుల్లమ్మ మంచం మీంచి ఇటు తిరిగి, "ఉన్నాన్రా సచ్చినోడా, ఉన్నాను! తట్ట పోతంది, నడండి!" అంది. ఓలమ్మో, ఏం దిగేమనుకున్నావు! మెట్టుకో మాట, మాటకో తిట్టు. "ఒరే బూట్లోడా ఎడమ పక్క నాచుంది, ఒరే పొట్టోడా నీ పక్క వాలిపోతంది." అదే మహాలక్ష్మి అదే గుమ్మంలో నించోని సప్పట్లు కొట్టింది. మార్కెట్లో ఒకావిడ రాయి మీద సెయ్యేసీసి ఉంది. బుల్లమ్మ దూరాన్నించే, "సెయ్యి తియ్యే!" అని అరిసిన అరుపుకి ఆవిడ సెయ్యి ఇప్పటికీ వణుకుతుండాల.

ఆ తర్వాత ఆరేళ్లు. ఆరేళ్లమ్మా! రోజూ పొద్దుటే యాబై ఎనిమిది మెట్లు ఎక్కడం, దిగడం. నలుగురం పన్నెండు మందయ్యేం. బుల్లమ్మని దించీసి, తిన్నగా ఏదో పనికి. ఎండాకాలం గుట్ట మీదకి నీళ్ల బిందెలు, వానాకాలం కాలవలో పూడిక. దండీలు నేవు, బస్కీలు నేవు, అన్నీ అందులోనే. నా సుగరు దిగిపోతే డాకటేరుగారు ఆశ్చర్యపోయి, ఏం మందు వాడతన్నారన్నారు. బుల్లమ్మ అన్నాను. ఆయన కాయితం మీద రాసుకోబోయేరు! నీకులాగే మాకూ రానోల్లుండీవోరు, వానంటే రారు, పెల్లంటే రారు. పైడిరాజు ఎవుణ్నీ ఇంటికెల్లి పిలవనేదు, తిట్టనేదు. పొద్దుటే కూతలో ఆడి పేరెట్టి, "చంటిబాబున్నాడా?" అని అరిసీవోడు. పలకలేదని ఈదంతా తెలిసిపోయీది. మర్నాడు ఆడు అందరికన్నా ముందుండీవోడు. నలబై మందికి గెస్టు అక్కర్నేదు ధనశ్రీ, పిలుపు కావాల. నువ్వున్నావా అని ఒకడు అడగాల.

ఆయన పోయిన రోజా? అది సెప్పలేదు కదూ. మామూలుగానే పోయేడు, ఓ సాయంత్రం గోడ మీద సుట్ట ఎలిగించుకోని, అలాగే వొరిగిపోయేడు. మర్నాడు జట్టోల్లంతా వచ్చేరు, ముప్పై నలబై మంది మొనగాళ్లు, ఒక్కొక్కడు ఏనుగు. గానీ ఆల్ల మేస్త్రీయే సెప్పేడు, ముందు బూట్లోల్లు ఎత్తాలని. నలుగురం ఎత్తేం. నిజం పాడె ఎత్తితే, మాకు ఆ నడక రాలేదమ్మా! మరిసిపోయేం. ఒకరడుగొకరికి కలవదు, ఒకరి కళ్లొకరికి కనబడవు. ఎలాగో సేపల మార్కెట్టు సివర దాకా ఎల్లి దించేం, దింపుడు కళ్లానికి. ఆయన కొడుకు సెవి దగ్గర వంగి మూడుమాట్లు, "నాన్నా, నాన్నా, నాన్నా" అని పిలిసేడు. అంతే. ఇంక ఎత్తాల. ఎవుడికీ సెయ్యి రావట్లేదు. అక్కడే తట్ట ముందు బుల్లమ్మ. ఆ పొద్దుట కూడా మేమే దించేం ఆవిడ్ని, కూత నేకుండా. కర్ర పట్టుకోని లేసి నించోని, "ఏట్రా మూగోల్లలాగ మోత్తన్నారు ఆడ్ని? ఆడు మిమ్మల్ని ఇలాగే మోయమన్నాడా? కూత పెట్టండ్రా!" అంది. జట్టోల్లు నా కేసి సూసేరు. గుమస్తా గొంతమ్మా నాది, లోగొంతు. ఎలాగొచ్చిందో తెలీదు. "ముందోడున్నాడా?" అన్నాను. "ఉన్నాను!" మార్కెట్టంతా అదిరింది. "ఎనకోడున్నాడా?" "ఉన్నాను!" అక్కడ ఆపీయాల నాను. ఆరేళ్ల అలవాటు, నోరు ఆగలేదు. "మద్దినోల్లున్నారా?" అనీసేను. అనీసి సచ్చిపోయేననుకో. అంత జనం, సీమ సిటుక్కుమన్నా ఇనబడతాది. ఆయన కొడుకు మొకం సూడలేను, కిందకి సూడలేను. అప్పుడు బుల్లమ్మే, తట్ట కాడ్నించి, రోజూ పలికే గొంతుతోనే, "ఉన్నాడ్లేరా. ఎత్తండి" అంది.

…

ఊఁ. ఏటి? సరే, వత్తాను. ఆదివారం ఐదున్నరకే కదూ? బండి మీద ఎక్కించుకెల్లు, నడవలేను. ఆ నలబై మంది పేర్లూ ఓ కాయితం మీద పెద్దచ్చరాలతో రాసి పట్రా. సాలువా మాత్రం వొద్దు. గొంతు పాడైపోయి సానాళ్లయింది, మిరియాల పాలు ఓ గళాసుడు తెప్పించు.